వెనక కుడిపక్క సీటు

ఖాజావలి చేసిన చివరి మామూలు పని కారు అద్దం తుడవడం.

సౌదీలో హాయిల్ పట్నం ఇంకా నూటయాభై కిలోమీటర్లు ఉందనగా రోడ్డు పక్కన పెట్రోలు బంకులో ఆగారు. ఆగస్టు నెల, మధ్యాహ్నం రెండు దాటింది. ఇష్తియాక్ పెట్రోలు పట్టిస్తూ ఫోను చూసుకుంటున్నాడు. నర్సింలు కొట్లోకి పోయి చల్లటి మజ్జిగ సీసాలు తెస్తున్నాడు. ఖాజావలి వెనక సీట్లోంచి దిగి, పంపు పక్కనున్న బకెట్లోంచి గుడ్డ తీసి పిండి, ముందు అద్దానికి అంటుకుని ఎండిపోయిన పురుగుల్ని తుడిచాడు. ముందు డ్రైవరు వైపు, తర్వాత రెండో వైపు, మళ్లీ డ్రైవరు వైపు. వైపరు పైకెత్తి దాని రబ్బరు అంచు వేలితో తడిమి చూశాడు. నేను తుడుస్తాను చాచా అని బంకులో పనిచేసే బంగ్లాదేశీ మనిషి చెయ్యి చాపినా గుడ్డ ఇవ్వలేదు. ఆ రోజు కారు నడుపుతున్నది ఖాజావలి కాదు. అంతకుముందు ఐదు రోజులూ కాదు. అయినా అద్దం తళతళలాడేదాకా తుడిచి, గుడ్డను బకెట్ అంచుమీద ఆరేసి, వెనక కుడి తలుపు తెరుచుకుని కూర్చున్నాడు.

ఇంకో ముప్పావు గంటకు ఆయన లేడు.

ఇష్తియాక్‌కి ఆయన బావ. పెద్దక్క బీబీజాన్ మొగుడు. రాయచోటి పక్క పల్లెలో పరుపులు కుట్టుకుని బతికే నూర్‌బాషాల ఇంట్లో పుట్టి, దూది దుమ్ముకు దగ్గు వస్తుందని చిన్నప్పుడే ఇల్లు వదిలి లారీల మీద క్లీనరుగా చేరి, ఆ లారీల మీదే డ్రైవరై, ఇరవై ఎనిమిదేళ్లకు ఏజెంటును పట్టుకుని సౌదీ వచ్చాడు. వచ్చిన రోజు నుంచి దమ్మామ్‌లో ఒకే ఇంట్లో, ఒకే కుటుంబానికి ఇంటి డ్రైవరు. ఇరవై నాలుగేళ్లు. కఫీల్ అంటే పనికి పిలిపించుకుని పూచీపడే యజమాని. ముందు పెద్దాయన కఫీల్, ఆయన పోయాక కొడుకు ఫహద్ కఫీల్. ఇకామా కార్డు మీద యజమాని పేరు మారింది తప్ప ఖాజావలి గది మారలేదు, గేటు పక్కన కారు షెడ్డుకు ఆనుకుని ఉన్న ఆ ఒంటి కిటికీ గదే.

పెళ్లినాటికి ఇష్తియాక్‌కి ఎనిమిదేళ్లు. కొత్త పెళ్లికొడుక్కి ఇచ్చే పాలల్లో చక్కెరకు బదులు గుప్పెడు ఉప్పు పోశాడు. బావలను బావమరుదులు ఏడిపించడం ఆ ఇళ్లలో ఉన్నదే, ఏడిపించకపోతేనే వెలితి. ఖాజావలి గ్లాసు ఎత్తి, చివరి చుక్కదాకా తాగి, మీసం తుడుచుకుని, పాలు బాగుండాయి అన్నాడు. ఇల్లంతా పగలబడి నవ్వింది. అప్పటినుంచి ఇద్దరికీ అదే ఆచారమైపోయింది. ఇష్తియాక్ ఏదో ఒకటి అంటాడు, ఖాజావలి దాన్ని మింగి నవ్వుతాడు. బావ అన్నవాడు బావమరిది ఎకసెక్కానికి సంజాయిషీ చెప్పుకోకూడదు. చెప్పుకుంటే బావ చిన్నబోయినట్టు లెక్క. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఇష్తియాక్‌ని దమ్మామ్ రప్పించింది ఖాజావలే. విడిభాగాల గోడౌనులో గుమాస్తా పనికి పెట్టించాడు. శుక్రవారాలు పాత చేపల మార్కెట్టు వెనక ఖాళీ స్థలంలో ఎడమచేతి స్టీరింగు నేర్పించాడు. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, కారు ఆపి దిగిపోయి, చుట్టూ ఒకసారి నడిచొచ్చి మళ్లీ కూర్చునేవాడు. ఆ నడక తిట్టుకంటే భారంగా ఉండేది.

ఆ వేసవిలో ఫహద్ కుటుంబం దక్షిణాఫ్రికాకు సెలవు మీద వెళ్లింది. విమానాశ్రయానికి తీసుకెళ్తుంటే ఫహద్ వెనక సీట్లోంచి ఫోను ముందుకు చాపి, తాము తిరగబోయే దారంతా చూపించాడు. కొన్ని రోజులు సముద్రం వెంబడి రోడ్డు, కొన్ని రోజులు ద్రాక్షతోటల మధ్య బస, చివర సింహాలు ఏనుగులు తిరిగే అడవి. అన్నిటికంటే గొప్పగా చెప్పిందేమంటే, డ్రైవరు లేకుండా తానే నడుపుకుంటానని. ఫహద్‌కి పదిహేడేళ్లప్పుడు బండి నేర్పింది కూడా ఖాజావలే. ఆ తోటల్లో వాళ్లు సారాయి చేస్తారట, మేం గదులు మాత్రమే తీసుకున్నాం అని ఫహద్ భార్య, మదామ్, పక్కనుంచి అడగకుండానే చెప్పిందట. ఖాజావలి ఈ ముక్క చెప్పి చెప్పి నవ్వాడు.

పన్నెండు రోజులు ఆయనకు పని లేదు. ఇరవై నాలుగేళ్లలో అట్లాంటిది ఎప్పుడూ జరగలేదు. ఊరికి పోదామంటే టికెట్టు సెలవు డిసెంబరులో ఉంది. వాళ్లను దింపి వచ్చిన సాయంత్రం ఖాజావలి ఇష్తియాక్ ఉండే గదికి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని, ఆ మూడూ మన సౌదీలో లేవా ఏందిరా అని మొదలుపెట్టాడు. తాయిఫ్ కొండమీద ద్రాక్ష ఉంది. ఎర్ర సముద్రం ఉంది. అల్ ఉలా దగ్గర కంచె వేసి జింకల్ని వదిలిన అడవి ఉంది. కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటూ పోదాం అన్నాడు.

ఖాజావలి ఆ ఊళ్లన్నీ చూడని మనిషి కాదు. కఫీల్ కుటుంబాన్ని ఎక్కించుకుని చాలాసార్లు పోయాడు. కానీ ఆయనకు ఆ ఊళ్లంటే పార్కింగులే. ఏ హోటలు వెనక నీడ ఎటువైపు పడుతుందో, ఏ మాలులో డ్రైవర్లకు మూత్రశాల ఏ అంతస్తులో ఉందో, ఏ సముద్రతీరాన మదామ్ ఎంతసేపు కూర్చుంటుందో ఆయన చెప్పగలడు. సముద్రం ఎట్లా ఉంటుందంటే, కారు అద్దాలు మూసి ఉంటాయి గదా, వెనక పిల్లలు ఏసీ అంటారు గదా అంటాడు.

అందుకే ఒక్క కోరిక కోరాడు. నలుగురు వినేటట్టు కాదు, టీ గ్లాసులోకి చూస్తూ.

"మిగతా దోవంతా మీరే నడుపుకోండి అబ్బీ. యాన్బూ నుంచి ఉమ్లజ్ దాకా మాత్రం నాకియ్యండి. ఉత్తరంగా పోతే సముద్రం డ్రైవరు పక్కనే వస్తాది. అద్దం దించుకొని, నాకు ఎంత మెల్లగా పోవాలంటే అంత మెల్లగా పోతా. వెనకనుంచి ఎవురూ యల్లా యల్లా అని తరమకుండా."

నూటయాభై కిలోమీటర్లు. అంతే అడిగాడు. ఇష్తియాక్ తలూపాడు. ఇస్తానన్నాడు.

మూడో మనిషి నర్సింలు. జగిత్యాల నుంచి వచ్చిన ట్రెయిలరు డ్రైవరు, ఇష్తియాక్ గోడౌనుకే సరుకు తోలతాడు. ఖాజావలిని కాకా అంటాడు. నోరు తెరిస్తే ఎవరినైనా నవ్విస్తాడు, ఆ నవ్వు ఎవరి మీద పడిందో చూసుకోడు.

ఆగస్టు ఎనిమిదిన ఇష్తియాక్ పేరు మీద తెల్ల కారు అద్దెకు తీసుకుని బయల్దేరారు. మొదటి రోజంతా ఖాజావలి నడిపాడు. రియాద్‌లో పడుకున్నారు. అక్కడ హోటల్లో తిండి పట్టీ చేతికిస్తే దాన్ని చెయ్యి సాచినంత దూరం పెట్టి, కళ్లు చికిలించి, చివరికి నువ్వే చదువు అని ఇష్తియాక్‌కి ఇచ్చేశాడు. ఫోనులో వచ్చిన బీబీజాన్ సందేశాన్ని కూడా అట్లాగే చెయ్యి సాచి పట్టుకున్నాడు.

"కాకా, ఆ చెయ్యి ఇంకో మూరెడు పెరిగితే గని నీకు అక్షరాలు కనవడయి," అన్నాడు నర్సింలు.

నవ్వారు. ఖాజావలీ నవ్వాడు.

రెండో రోజు తాయిఫ్ దారిలో, మధ్యాహ్నానికి ముందు, మనిషన్నవాడు కనబడని ఆ చదును ఎడారిలో ఖాజావలి ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. నర్సింలు ముందుకు తూలి నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకున్నాడు. ఏమైందంటే జింక అడ్డం వచ్చింది అన్నాడు ఖాజావలి. ముగ్గురూ దిగి చూశారు. రోడ్డుకు రెండు పక్కలా కంపచెట్లు, వేడి ఆవిరి. ఏమీ లేదు. జింక లేదు, దాని జాడ లేదు. వెనక వచ్చే ట్రక్కు చెవులు చిల్లులు పడేటట్టు హారను కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ ట్రక్కు గాలికి ఇష్తియాక్ చొక్కా ఎగిరింది. అది మాత్రం నవ్వులాట కాదు. ఇంటి దగ్గర ఇష్తియాక్‌కి ఇద్దరు పిల్లలు.

సాయంత్రం ఇంకో తప్పు జరిగింది. తాయిఫ్ కొండ ఎక్కే మలుపు ఖాజావలి దాటిపోయాడు. మాటల్లో పడ్డానన్నాడు. నర్సింలు కళ్లతోనే ఇష్తియాక్‌కి సైగ చేశాడు.

మూడో రోజు పొద్దున ద్రాక్షతోటకు పోయారు. కొండవాలు మీద రాళ్లతో కట్టిన మెట్లు, మెట్లమీద పందిళ్లు, పందిళ్ల కింద తలకు తగిలేంత కిందికి గుత్తులు. తోటాయన ముసలి సౌదీ, కింద చాప పరిచి ఖర్జూరం, కాఫీ పెట్టాడు, బుట్ట చేతికిచ్చి తిన్నన్ని తినండి అన్నాడు. యెమెన్ పనివాళ్లు నలుగురు గుత్తులు కోస్తున్నారు. గిన్ని ద్రాక్షలున్నయి, ఒక్క బొట్టు దొరకని రాజ్యం అని నర్సింలు నిట్టూర్చాడు. చల్లటి గాలి, తీపి. అందరి మనసూ తేలికగా ఉంది. అట్లాంటప్పుడే ఇష్తియాక్‌కి ఆ పని తోచింది.

ఖాజావలి పందిరి చివర నిలబడి ఉన్నాడు. ఇష్తియాక్ ఇరవై అడుగుల దూరంలో మెట్టు మీద నిలబడి, చెయ్యి పైకెత్తి మూడు వేళ్లు చూపించాడు.

"బావా, ఇవి ఎన్నో చెప్పు."

ఖాజావలి నవ్వాడు. "మీ అక్కకు ఫోను చేసి అడుగు పో."

"అక్క ఎందుకు, నువ్వే చెప్పు. చెప్తే తాళం నీదే."

నర్సింలు చప్పట్లు కొట్టాడు. యెమెన్ వాళ్లు కోయడం ఆపి చూస్తున్నారు. తోటాయనకు సంగతి అర్థమై ఆయన కూడా ముసిముసిగా నవ్వుతూ, చెప్పు చెప్పు అన్నట్టు ఖాజావలి వైపు చెయ్యి ఊపాడు. ఇష్తియాక్ వేళ్లు మార్చి నాలుగు చూపాడు, మళ్లీ రెండు. ఖాజావలి మొహంలో నవ్వు అట్లాగే ఉంది గాని, దాని వెనక ఉండాల్సింది లేదు.

"ఇరవై నాలుగేండ్లు బండి నడిపినోణ్ని రా అబ్బీ. నీ ముందర నిలబడి నేను వేళ్లు లెక్కబెట్టాల్నా?"

అంతే. ద్రాక్షపండు ఒకటి నోట్లో వేసుకుని అటు తిరిగి వాలు దిగిపోయాడు. ఎన్ని వేళ్లో చెప్పలేదు.

చెప్పలేకపోయాడని ఇష్తియాక్ అనుకున్నాడు. కారు దగ్గరికి వచ్చాక తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. ఖాజావలి డ్రైవరు తలుపు పిడిమీద చెయ్యి వేసి ఉన్నాడు. నర్సింలు వెనక కుడి తలుపు తెరిచి, నడుము వంచి, సలాం కొట్టాడు.

"తఫద్దల్ యా కఫీల్. ఇయ్యాల్టి సంది నువ్వు మాలిక్‌వి, మేము నీ డ్రైవర్లం."

సౌదీలో కఫీల్ కూర్చునేది వెనక కుడిపక్కన. ఇరవై నాలుగేళ్లు ఆ సీటు తుడిచాడే గాని ఖాజావలి దాంట్లో కూర్చోలేదు. ఒక క్షణం ఇద్దరినీ చూశాడు. తర్వాత పెద్దమనిషి ఠీవితో అంగీ సర్దుకుంటున్నట్టు నటించి ఎక్కాడు. ఇద్దరూ విరగబడి నవ్వారు. ఉప్పు పాలు తాగిన మనిషి గదా.

జెద్దాలో ఒకరోజు, యాన్బూలో ఒకరోజు. ఆట ఆగలేదు. టీ కొట్టు దగ్గర ఆపితే నర్సింలు పరిగెత్తి తలుపు తీసేవాడు. ఇష్తియాక్ అద్దంలోంచి చూసి, యా బాబా, ఏసీ పెంచాలా తగ్గించాలా అని అరబ్బీలో అడిగేవాడు. మొదట్లో ఖాజావలి చేతులూపుతూ ఫహద్ లాగా ఆజ్ఞలిచ్చాడు. రెండో రోజుకు ఊ అనేవాడు. ఇష్తియాక్ ఆపలేదు, ఎందుకంటే అతనికి అది బాగుంది. తొమ్మిదేళ్లుగా ఏ పని చేసినా బావను అడిగే చేసిన మనిషి. ఇప్పుడు స్టీరింగు తన చేతుల్లో ఉంది, అద్దంలో బావ వెనక ఉన్నాడు. భయం సగమే, మిగతా సగం ఈ సంబరం. ఆ లెక్క అతను తర్వాత గాని ఒప్పుకోలేదు.

యాన్బూ నుంచి బయల్దేరే పొద్దున ఖాజావలి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, అందరికంటే ముందే వచ్చి కారు పక్కన నిలబడ్డాడు. డ్రైవరు వైపు. ఇష్తియాక్ రాగానే చెయ్యి చాపాడు. అరచెయ్యి తెరిచి చాపాడు, అంతే.

"వద్దు బావా."

"మెల్లగా పోతా అబ్బీ. అరవైలో పోతా. పక్కన నువ్వు కూచో."

"అరవైలో పోతే వెనకోడు గుద్దుతాడు. నీ కండ్లకు మా పాణాలు ఇయ్యలేం బావా. నాకు పిల్లలుండారు."

నర్సింలుకు కూడా ఆ మాట ఎక్కువైనట్టుంది, చెప్పుల్లోకి చూసుకున్నాడు. ఖాజావలి చెయ్యి ఇంకా చాపే ఉంది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే ఎదుటి అద్దంమీద దుమ్ము తుడిచి, చుట్టూ తిరిగి తన సీటుకు వెళ్లాడు.

సముద్రం ఎడమవైపే వచ్చింది, ఆయన చెప్పినట్టే. ఆకుపచ్చ, నీలం, మధ్యలో తెల్లటి ఇసుక తిన్నెలు. ఇష్తియాక్ తన అద్దం దించి మోచెయ్యి బయట పెట్టుకుని నడిపాడు. ఖాజావలి కుడిపక్కన కూర్చుని ఉన్నాడు గనక ఆయనకు కుడివైపు రాళ్ల గుట్టలు వచ్చాయి. సముద్రం చూడాలంటే డ్రైవరు భుజం మీదుగా చూడాలి. కాసేపు అట్లా చూశాడు. తర్వాత గుట్టల వైపు తిరిగాడు. నూటయాభై కిలోమీటర్లు గంటంబావులో అయిపోయాయి. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు.

ఉమ్లజ్‌లో ఇష్తియాక్, నర్సింలు పంట్లాలు మడుచుకుని నీళ్లలోకి దిగారు. ఖాజావలి రాలేదు. కారు పక్కన నీడలో నిలబడ్డాడు. కాకకు పార్కింగే ఇష్టం అన్నాడు నర్సింలు.

అల్ ఉలాలో అడవి చూపించడానికి టాపు లేని జీపు ఎక్కించారు. నడిపింది సౌదీ అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, నిఖాబు మీద నల్లద్దాలు, ఇసుకలో పాముమెలికలుగా పోనిచ్చింది. ఎర్రటి కొండలమీద అడవిమేకలు, కింద తుమ్మల్లో జింకలు. అమ్మాయి వేలు చూపించినప్పుడల్లా అందరూ అటు తిరిగారు. ఖాజావలి తిరగలేదు. ఆయన చూపు ముందుకే ఉంది.

"సూసినవా, కాకకు కనవడ్తలే," అని ఇష్తియాక్ చెవిలో అన్నాడు నర్సింలు.

దిగాక ఇష్తియాక్ అడిగాడు, జింకలెట్లున్నాయి బావా అని. ఆ పిల్ల గేరు భలే మారుస్తాది, కాలు అదరదు, ఇసుకలో యాడ వదలాలో యాడ తొక్కాలో ఆయమ్మకు తెలుసు అన్నాడు ఖాజావలి. తప్పించుకుంటున్నాడు పాపం అనుకున్నాడు ఇష్తియాక్. పాపం అనుకున్నందుకు తనమీద తనకే కాస్త గౌరవం కలిగింది.

మర్నాడు తిరుగు ప్రయాణం. పొద్దున నర్సింలు నడిపాడు. మధ్యాహ్నం రోడ్డుపక్క హోటల్లో పెద్ద పళ్లెం నిండా మాంసం అన్నం ముగ్గురూ తిన్నారు. అక్కడినుంచి ఇష్తియాక్ తీసుకున్నాడు. బంకులో ఆగారు. ఖాజావలి అద్దం తుడిచాడు. కారు మళ్లీ రోడ్డెక్కింది.

ఇష్తియాక్ రెండుసార్లు ఆవులించాడు. వెనకనుంచి ఖాజావలి అన్నాడు, "నిన్ను నిద్ర పట్టుకుంటాండాది. ఒక గంట నాకియ్యి అబ్బీ. దోవ సీదాగా ఉండాది."

"సీదా దోవలోనే గదా బావా లేని జింకకు బ్రేకేసింది."

 ఖాజావలి బెల్టు కోసం చెయ్యి వెనక్కి పెట్టాడు. నర్సింలు ముందు సీటు వెనక్కి వాల్చుకుంటూ అది చూశాడు.

"కఫీల్ బెల్టు పెట్టుకుంటడా కాకా? ఇజ్జత్ పోతది."

ఇష్తియాక్ నవ్వాడు. అద్దంలో చూస్తుండగా ఖాజావలి బెల్టు వదిలేశాడు. అది సర్రుమని వెనక్కి పోయింది.

కాసేపటికి నర్సింలు నిద్రపోయాడు. ఖాజావలి మాట్లాడటం మొదలుపెట్టాడు. మామూలుగా ఆయన మాటకారి కాదు. ఆ రోజు వదలకుండా అడిగాడు. గోడౌనులో కొత్త మేనేజరు ఎట్లాంటోడు. చిన్నోడికి పాలపళ్లు ఊడినాయా. రాయచోటి బస్టాండు ఎదురుగా ఉన్న ఇడ్లీ అంగడాయన పేరేమి, నాకు గుర్తు రావడంలా. ఇష్తియాక్ ఒకటి రెండింటికి జవాబిచ్చాడు. కళ్లు బరువుగా ఉన్నాయి, తల లోపల వేడిగా ఉంది, ఆ గొంతు ఈగలాగా చెవి చుట్టూ తిరుగుతోంది.

"కఫీల్ ఇంత మాట్లాడడు బావా. గమ్మున కూచో."

ఖాజావలి గమ్మున కూర్చున్నాడు.

ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో ఇష్తియాక్‌కి తెలియదు. పోలీసులు అడిగినప్పుడూ చెప్పలేకపోయాడు. కారు కుడికి వాలి, ఇసుకలోకి దిగి, నీళ్లు పోవడానికి కట్టిన సిమెంటు మోరీకి కొట్టుకుని మూడు పల్టీలు కొట్టింది. ఇష్తియాక్ మొహం గాలిసంచికి తగిలి వాచింది. నర్సింలుకు మెడకింది ఎముక విరిగింది. ఖాజావలి కారులో లేడు. కారుకు ఇరవై అడుగుల దూరంలో, కుడి చెప్పుతో మాత్రమే, పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇష్తియాక్ చేరువకు వెళ్లి బావా అంటే పలకలేదు. ఎన్నిసార్లు పిలిచాడో నర్సింలుకు గుర్తుంది గాని ఎప్పుడూ చెప్పలేదు.

హాయిల్‌లోనే ఖననం చేశారు. ఊరికి తీసుకురావద్దని, ఎండల్లో అన్ని రోజులు పెట్టొద్దని బీబీజాన్ ఫోనులో ఒప్పుకుంది. నడిపింది ఇష్తియాక్ గనక తప్పు అతని మీదే రాశారు. చనిపోయినవాడి వారసులు హక్కు వదులుకుంటున్నట్టు కాగితం వచ్చేదాకా అతన్ని స్టేషన్లో ఉంచారు. ఆరో రోజు అక్కతో మాట్లాడటానికి ఫోను ఇచ్చారు.

ఏడుపు ఆగాక ఆమె ఒక్కటే అడిగింది. ఆయన ఉండగా నువ్వెందుకు నడిపినావురా అని.

"బావకు కండ్లు సరిగా కనపడటం లేదక్కా. దోవలో రెండు మూడు సార్లు చూసినాం. అందుకే నేనే పట్టుకున్నా. భయపడి."

అటువైపు బీబీజాన్ ముక్కు చీదింది.

"నాకు ఒక్క మాట చెప్పలేదే. చెప్పింటే వచ్చేయమని అందును గదా. ఏం తింటే ఏం, తినకపోతే ఏం. వచ్చేయమని అందును." తర్వాత ఆమే, "నువ్వు చేసిందాంట్లో తప్పేం లేదులేరా. ఆయన నడిపింటే ముగ్గురూ పోయిందురు," అంది.

ఆ మాటతోనే ఆమె రాయచోటిలో కాగితం మీద సంతకం పెట్టింది. ఆ కాగితం వచ్చాక ఇష్తియాక్‌ని వదిలారు. దమ్మామ్‌లో పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు. బావకు చూపు తగ్గింది, ఎవరికీ చెప్పుకోలేదు, అభిమానం గల మనిషి. చెప్పే కొద్దీ ఆ మాట గట్టిపడింది. అయ్యో అన్నారు, ఇళ్లల్లో పనిచేసే డ్రైవర్లంతా ఇంతే, ఉద్యోగం పోతుందని జబ్బులు దాచుకుంటారు అన్నారు. ఇష్తియాక్ తలూపేవాడు.

ఫహద్ కుటుంబం తిరిగి వచ్చిన వారానికి, గది ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. ఇష్తియాక్ ఒక్కడే వెళ్లాడు. మంచం, పెట్టె, రెండు జతల చెప్పులు, గోడకు మేకు మీద జపమాల. ఫహద్ తెల్ల తోబు అంగీలో వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. చిన్నప్పుడు నన్ను బడికి తీసుకెళ్లింది ఆయనే అన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, అది నిజమైన ఏడుపే. తర్వాత ఆదివారం బడులు తెరుస్తున్నారని, పిల్లల్ని దింపడానికి మనిషి లేడని, మీ ఊరివాళ్లలో నమ్మకమైన డ్రైవరు ఎవరైనా ఉంటే చెప్పమని అడిగాడు. తొందరేం లేదు, శనివారంలోగా చెబితే చాలు అన్నాడు.

వెళ్లబోతూ నీలం అట్టల ఫైలు ఒకటి ఇచ్చాడు. పాస్‌పోర్టు, పాత ఇకామాలు, ఒప్పందం కాగితాలు. ఇవి భార్యకు పంపండి అన్నాడు.

ఇష్తియాక్ మంచం మీద కూర్చుని ఒక్కొక్క కాగితం తిప్పాడు. పైనున్నదే కొత్తది. జూలైలో ఖాజావలి లైసెన్సు గడువు అయిపోతే మళ్లీ పదేళ్లకు పొడిగించుకున్నారు, దానికోసం క్లినిక్కులో చేయించిన కంటి పరీక్ష చీటీ అది. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. చదవడానికి అద్దాలు వాడమని రాశారు. దూరపు చూపు, కుడి కన్ను ఆరుకు ఆరు, ఎడమ కన్ను ఆరుకు ఆరు. బండి నడపడానికి అద్దాలు అక్కర్లేదు. తేదీ జూలై ఇరవై మూడు, వాళ్లు దమ్మామ్ నుంచి బయల్దేరడానికి పదహారు రోజుల ముందు.